‘ఇన్‌’ ఉందని నిప్పు ఊరుకోదు
రెండు మాటలు – ఒకటే ప్రమాదం

విశాఖపట్నం: జాతీయ రహదారి పక్కన దాబా ముందు రెండు ట్యాంకర్లు ఆగి ఉన్నాయనుకుందాం. ఒకదాని వెనుక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్‌’ అని, రెండోదాని వెనుక ‘ఫ్లేమబుల్‌’ అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. వాటి మధ్య నిలబడి బీడీ వెలిగించబోయే మనిషికి ఏ బండి వల్ల ముప్పు?

పదో తరగతి చదివిన కుర్రవాణ్ణి అడిగితే ‘ఫ్లేమబుల్‌’ బండి అనే అవకాశం ఎక్కువ. ‘కరెక్ట్‌’కు ‘ఇన్‌కరెక్ట్‌’, ‘విజిబుల్‌’కు ‘ఇన్‌విజిబుల్‌’ వ్యతిరేక పదాలని అతను బళ్ళో వల్లె వేశాడు. ఆ లెక్కన ‘ఇన్‌ఫ్లేమబుల్‌’ అంటే మండనిది కావాలి. కానీ రెండు బండ్లూ ప్రమాదకరమైనవే. రెండు మాటలకూ అర్థం ఒకటే: తేలిగ్గా నిప్పంటుకునేది.

ఈ ‘ఇన్‌’ వేరు

చిక్కంతా ‘ఇన్‌’ దగ్గరే ఉంది. లాటిన్‌ నుంచి ఇంగ్లీషుకు వచ్చిన ‘ఇన్‌’లు రెండు. ఒకటి ‘కాదు’ అని చెప్పేది. రెండోది ‘లోనికి’ అనే అర్థమిచ్చేది. ‘ఇన్‌ఫ్లేమబుల్‌’లో ఉన్నది ఈ రెండోది. మంట రగిలించడం అనే అర్థం గల లాటిన్‌ క్రియనుంచి ఈ మాట పుట్టింది. శరీరంలో వాపు, మంట పుట్టడాన్ని డాక్టర్లు ‘ఇన్‌ఫ్లమేషన్‌’ అంటారు. జనాన్ని రెచ్చగొట్టే ప్రసంగాన్ని ‘ఇన్‌ఫ్లమేటరీ’ అంటారు. అన్నీ ఒక తల్లి బిడ్డలే.

ఇలాంటి తికమక మనకు కొత్తేమీ కాదు. ‘అమూల్యం’ అంటే మూల్యం లేనిదని పారవేయం. వెల కట్టలేనిదని దాచుకుంటాం. ‘అనుత్తమం’ అంటే ఉత్తమం కానిది కాదు, దానిని మించిన ఉత్తమం లేనిది. పద్యంలో అపార్థం చేసుకుంటే పండితులు నవ్వుతారు. ట్యాంకరు దగ్గర అపార్థం చేసుకుంటే ప్రాణాలే పోతాయి.

మాట మార్చినవారు

రెంటిలో ‘ఇన్‌ఫ్లేమబుల్‌’ పాతది. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణకు పనిచేసే జాతీయ సంఘం 1920 దశకంలోనే ఆ మాట వదిలి ‘ఫ్లేమబుల్‌’ వాడమని చెప్పసాగింది. బ్రిటన్‌ ప్రమాణాల సంస్థ 1959లో అదే బాట పట్టింది. ప్రమాదకర సరుకుల రవాణాకు నేడు అంతర్జాతీయంగా వాడే గుర్తుల్లో ‘ఫ్లేమబుల్‌’ మాటే ఉంది. మండని వస్తువును ‘నాన్‌ ఫ్లేమబుల్‌’ అంటే ఏ చిక్కూ లేదు.

వాడుకలో ఒక చిన్న తేడా మాత్రం మిగిలింది. ‘ఫ్లేమబుల్‌’ అన్నది వస్తువులకే చెల్లుతుంది. ఇట్టే భగ్గుమనే కోపానికి, ఉద్రిక్త పరిస్థితికి ‘ఇన్‌ఫ్లేమబుల్‌’ అంటారు. మన రోడ్లమీద తిరిగే ట్యాంకర్ల వెనుక మాత్రం ఆ పాత మాటే ఇంకా కనిపిస్తున్నది.

ఖాళీ పీపా కథ

మాటను నమ్మి మోసపోవడం గురించి బెంజమిన్‌ లీ వోర్ఫ్‌ అనే అమెరికన్‌ భాషావేత్త రాశాడు. ఆయన ఉద్యోగం అగ్ని బీమా కంపెనీలో. పెట్రోలు నిండిన పీపాల దగ్గర జాగ్రత్తగా మసలే కార్మికులు, ‘ఖాళీ’ పీపాల దగ్గర నిర్భయంగా సిగరెట్టు కాల్చడం ఆయన గమనించాడు. నిజానికి ఖాళీ పీపాలోనే ముప్పు ఎక్కువ. అందులో మిగిలిన ఆవిరి గాలితో కలిసి పేలుతుంది.

పెట్రోలు సున్నాకు దాదాపు 40 డిగ్రీలు దిగువన కూడా మండే ఆవిరి విడుస్తుంది. మన ఎండల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది గనుక నేలబారున పాకి, దూరాన ఉన్న నిప్పును చేరుకుంటుంది. వంటగ్యాసు తీరూ అంతే. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో వంటగ్యాసు లీకై చెలరేగిన మంటల్లో దాదాపు 60 మంది మరణించారు. ఆ ప్రమాదానికి మాటల తికమక కారణం కాదు. కానీ నిప్పు ఎంత దూరమైనా పాకుతుందని ఈ ఊరికి వేరే చెప్పనక్కర్లేదు.

చదవవలసింది ఎవరు?

ప్రమాదకర సరుకు తోలే డ్రైవరుకు ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు చదవడం, రాయడం వచ్చి ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లో 1993లో చేర్చారు. మంచిదే. కానీ బండి బోల్తా పడినప్పుడు బిందెలతో పరుగెత్తే జనానికి ఆ నిబంధన వర్తించదు. పాకిస్థాన్‌లోని బహావల్‌పూర్‌ దగ్గర 2017 జూన్‌ 25న బోల్తా పడిన ట్యాంకరు చుట్టూ పెట్రోలు పట్టుకోవడానికి గుమిగూడినవారిలో 200 మందికి పైగా మంటల్లో చనిపోయారు.

అక్షరం రానివారు సైతం గుర్తుపట్టగలిగిన చిహ్నం ఒకటుంది. మూలమీద నిలబెట్టిన ఎర్ర చతురస్రం, అందులో మంట బొమ్మ. అడుగున 3 అంకె ఉంటే మండే ద్రవం, 2 ఉంటే మండే వాయువు. పెట్రోలు బండి పలకమీద 1203 అనే సంఖ్య కూడా ఉంటుంది. ఆ బొమ్మ కనిపిస్తే పక్కన ఏ ఇంగ్లీషు మాట ఉన్నా బీడీ జేబులో పెట్టి దూరం జరగడమే క్షేమం.

దానికింద ‘ఇట్టే అంటుకుంటుంది’ అని పెద్ద తెలుగు అక్షరాల్లో రాయిస్తే ఏ నిఘంటువుతోనూ పని ఉండదు. అందుకు అయ్యే ఖర్చు ఒక డబ్బా రంగు!