కాంపర్‌వ్యాన్ పైకప్పు ఫ్యాను

కాంపర్‌వ్యాన్ పైకప్పు ఫ్యాను అనేది ప్రయాణంలో నివసించడానికి వీలుగా మలచిన వాహనపు కప్పులో అమర్చే విద్యుత్ పరికరం. వాహనం లోపలి వేడి గాలిని, తేమను, వంట వాసనలను ఇది బయటికి పంపుతుంది. ఇళ్ళలో వాడే సీలింగు ఫ్యాను గదిలోని గాలినే తిప్పుతుంది. ఇది మాత్రం వంటగదిలోని ఎగ్జాస్టు ఫ్యాను వలె లోపలి గాలిని తొలగించి, దాని స్థానంలోకి బయటి గాలి వచ్చేటట్లు చేస్తుంది. ఐరోపా, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో సరకు రవాణా వ్యానులను నివాసాలుగా మార్చుకునేవారు తొలి దశలోనే చేసే పనులలో ఇది ఒకటి. కప్పుకు ఒకసారి కోసిన రంధ్రాన్ని తిరిగి పూడ్చడం కష్టం. అందువలన రంధ్రపు కొలతలు, నీరు కారకుండా చేసే అతుకు, గాలి లోపలికి వచ్చే మార్గం అనే మూడు విషయాలను ముందుగానే నిర్ణయించుకోవాలి.

ఆవశ్యకత

వ్యాను కప్పు, గోడలు పలుచని ఉక్కు రేకుతో తయారవుతాయి. ఆ రేకు ఎండలో త్వరగా వేడెక్కుతుంది, రాత్రివేళ త్వరగా చల్లబడుతుంది. నిద్రించేవారి శ్వాస, చెమట, వంట, తడిబట్టల నుండి వెలువడే ఆవిరి చల్లని రేకును తాకి నీటి బిందువులుగా మారుతుంది. గ్యాసు పొయ్యి వలన కూడా తేమ పెరుగుతుంది. 1 కిలో ప్రొపేన్ పూర్తిగా మండితే సుమారు 1.6 కిలోల నీరు ఆవిరి రూపంలో వెలువడుతుంది. ఈ తేమ గోడ పలకల వెనుక చేరితే రేకు తుప్పు పడుతుంది, చెక్కకు, పరుపుకు బూజు పడుతుంది. అందువలన ఈ ఫ్యాను అవసరం వేసవికే పరిమితం కాదు. చలికాలంలోనూ మూతను కొద్దిగా తెరచి, తక్కువ వేగంతో నడుపుతారు.

పనిచేసే విధానం

ఫ్యాను గాలిని బయటికి నెట్టినప్పుడు వాహనం లోపల గాలి పీడనం కొద్దిగా తగ్గుతుంది. ఆ లోటును పూరించడానికి తెరచిన కిటికీ లేదా నేలలోని రంధ్రం గుండా బయటి గాలి లోనికి వస్తుంది. గాలి వచ్చే దారి లేకపోయినా, ఇరుకుగా ఉన్నా ఎంత శక్తి గల ఫ్యాను అయినా సరిగా పనిచేయదు.

ఫ్యాను సామర్థ్యాన్ని నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలిని కదిలిస్తుందో చెప్పే అంకెతో కొలుస్తారు. ఉదాహరణకు 900 ఘనపుటడుగులు అంటే సుమారు 25 ఘనపు మీటర్లు. మధ్యరకం వ్యాను సరకు గది ఘనపరిమాణం 11 ఘనపు మీటర్ల వరకు ఉంటుంది. లెక్క ప్రకారం అర నిమిషంలోనే లోపలి గాలి అంతా మారాలి. ఆచరణలో కిటికీ తెరచిన మేరకే ఇది సాధ్యమవుతుంది.

ఫ్యాను ఎయిర్ కండిషనరు కాదు. బయటి గాలి కంటే లోపలి గాలిని ఇది చల్లబరచలేదు. ఫ్యాను తిరుగుతున్నదనే ధీమాతో పసిపిల్లలను గాని, పెంపుడు జంతువులను గాని ఎండలో నిలిపిన వాహనంలో వదలివెళ్ళడం ప్రాణాపాయం. బ్యాటరీ అయిపోయినా, ఫ్యూజు పోయినా కొద్ది నిమిషాలలోనే లోపలి వేడి విపరీతంగా పెరుగుతుంది.

కొలతలు, రకాలు

ఉత్తర అమెరికాలో 14 అంగుళాల చదరపు రంధ్రం ప్రామాణికం. ఇది సుమారు 356 మిల్లీమీటర్లు. ఐరోపాలో 400 మిల్లీమీటర్ల చదరపు రంధ్రం ఎక్కువగా వాడుకలో ఉంది. కనుక ఫ్యాను చేతికి వచ్చిన తరువాత, దానితో పాటు ఇచ్చిన కొలతల ప్రకారమే రంధ్రం కోయాలి.

కొన్ని రకాలలో గాలిని బయటికి పంపడంతో పాటు లోపలికి తీసుకునే సదుపాయం కూడా ఉంటుంది. వానలో కూడా తెరచి ఉంచగలిగిన మూత, కోరిన ఉష్ణోగ్రత వద్ద దానంతట అదే తిరిగే ఏర్పాటు, దోమతెర వంటివి అదనపు సౌకర్యాలు. మాక్స్‌ఫ్యాన్, ఫ్యాన్‌టాస్టిక్ వెంట్ అనేవి ఈ రంగంలో ప్రసిద్ధమైన పేర్లు.

స్థలం ఎంపిక

ఫ్యానును సాధారణంగా వంట స్థలానికి పైన గాని, పడకకు పైన గాని అమరుస్తారు. వెనుక భాగంలో ఫ్యాను ఉంటే ముందు కిటికీని కొద్దిగా తెరచి ఉంచాలి. అప్పుడు గాలి వాహనం పొడవునా ప్రవహిస్తుంది. ఫ్యాను, తెరచిన కిటికీ పక్కపక్కనే ఉంటే గాలి దగ్గరి దారిన వెళ్ళిపోయి, మిగతా భాగం ఉక్కగానే ఉంటుంది.

కోసే ముందు ఈ క్రింది అంశాలను పరిశీలించాలి:

* కప్పు క్రింది అడ్డ దూలాలు రంధ్రానికి అడ్డు రాకూడదు. వాటిని కోస్తే కప్పు బలం తగ్గుతుంది.
* కప్పులో పోయే విద్యుత్ తీగలు, కప్పు అంచుల వెంబడి ఉండే ఎయిర్‌బ్యాగులు ఎక్కడ ఉన్నాయో తెలుసుకోవాలి.
* సౌర ఫలకాలకు తగిన చోటు మిగలాలి. ఫలకం అంచు ఫ్యాను మూతకు తగలకూడదు.
* కప్పు రేకులో గాడులు ఉంటే ఫ్యాను చట్రం సమంగా కూర్చోదు. అటువంటి వాహనాలకు గాడుల ఆకృతికి సరిపోయే మధ్య చట్రం వాడాలి.

అమర్చే విధానం

1. ముందుగా బ్యాటరీ సంధానాన్ని తొలగించాలి. లోపలి నుండి నాలుగు మూలలను గుర్తించి, ప్రతి మూల వద్ద చిన్న రంధ్రం చేయాలి.
2. కప్పు పైకి ఎక్కి ఆ నాలుగు రంధ్రాలను కలుపుతూ గీత గీయాలి. కొలతను మరొకసారి సరిచూడాలి. రంపపు పాదం రంగును గీకకుండా గీత చుట్టూ కాగితపు పట్టీ అతికించాలి.
3. జిగ్‌సా రంపానికి లోహం కోసే పళ్ళ పట్టీ బిగించి గీత వెంబడి కోయాలి. కోసిన ముక్క క్రింద పడకుండా లోపల ఒకరు పట్టుకోవాలి. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి.
4. రాలిన ఇనుప రజనును పూర్తిగా ఊడ్చివేయాలి. కప్పు మీద మిగిలిన రజను వానకు తుప్పు పట్టి, రంగును పాడుచేస్తుంది.
5. కోసిన అంచును ఆకురాయితో నునుపు చేసి, తుప్పు నిరోధక ప్రైమరు, దానిపై రంగు పూయాలి. ఈ దశను వదలివేస్తే సీలెంటు క్రింద కనబడకుండా తుప్పు వ్యాపిస్తుంది.
6. లోపలి వైపు రంధ్రం చుట్టూ చెక్క చట్రం బిగించాలి. పైనుండి వచ్చే మరలకు పట్టు ఇచ్చేది ఇదే.
7. కప్పు ఉపరితలాన్ని శుభ్రం చేసి, చట్రం అంచు క్రింద బ్యుటైల్ పట్టీని గాని, పాలీయురెథేన్ సీలెంటును గాని ఎడతెగకుండా పరచాలి.
8. మూత కీలు వాహనపు ముందు వైపు ఉండేటట్లు చట్రాన్ని కూర్చోబెట్టాలి. ప్రయాణంలో ఎదురుగాలి మూతను మూసే దిశలో నెడుతుంది గాని, ఎత్తి విరగగొట్టదు.
9. మరలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. సీలెంటు చుట్టూ సమంగా బయటికి వచ్చేవరకు బిగిస్తే చాలు. అతిగా బిగిస్తే ప్లాస్టిక్ చట్రం పగులుతుంది.
10. మరల తలలపై, చట్రం అంచు చుట్టూ మరొక పూత వేయాలి. సిలికోన్ వాడకూడదు. కొంతకాలానికి మరమ్మతు అవసరమైనప్పుడు దాని మీద మరే సీలెంటు గాని, రంగు గాని అంటదు.

విద్యుత్ సంధానం

ఈ ఫ్యానులు సాధారణంగా 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో పనిచేస్తాయి. తీగను ఇంజను బ్యాటరీకి కాక, నివాస భాగపు బ్యాటరీకి కలపాలి. తయారీదారు సూచించిన ఫ్యూజును బ్యాటరీ వైపు, వీలైనంత దగ్గరగా ఉంచాలి. రేకు గుండా తీగ పోయే ప్రతిచోట రబ్బరు తొడుగు ఉండాలి. లేనిచో ప్రయాణపు అదురుకు తీగ పైపొర తెగి మంటలు పుట్టవచ్చు.

తక్కువ వేగంలో అర ఆంపియరు తీసుకునే ఫ్యాను 8 గంటలకు 4 ఆంపియరు-గంటలు ఖర్చు చేస్తుంది. అదే ఫ్యాను గరిష్ఠ వేగంలో 3 ఆంపియర్లు తీసుకుంటే 24 ఆంపియరు-గంటలు అవుతుంది. 100 ఆంపియరు-గంటల బ్యాటరీకి మొదటిది చాలా స్వల్పం, రెండవది దాదాపు నాలుగవ వంతు.

విషవాయువుల ప్రమాదం

పొగగొట్టం గల గ్యాసు హీటరు లేదా ఫ్రిజ్ వాహనంలో ఉన్నప్పుడు కిటికీలన్నీ మూసి ఫ్యానును వేగంగా నడపడం ప్రమాదకరం. లోపలి పీడనం తగ్గడం వలన, గొట్టం గుండా బయటికి పోవలసిన పొగ వెనుకకు రావచ్చు. దహనానికి కావలసిన గాలిని బయటి నుండే తీసుకుని, పొగను బయటికే వదిలే మూసిన హీటర్లలో ఈ ప్రమాదం తక్కువ. పక్కనే జనరేటరు గాని, మరొక వాహనం గాని నడుస్తున్నప్పుడు కూడా ఫ్యాను ఆ పొగను కిటికీ గుండా లోనికి లాగగలదు.

తగినంత గాలి లేకుండా ఇంధనం మండితే కార్బన్ మోనాక్సైడ్ అధికంగా పుడుతుంది. దీనికి రంగు, వాసన లేవు. తలనొప్పి, వికారం, మగత దీని లక్షణాలు. నిద్రలో ఉన్నవారు ఈ లక్షణాలను గుర్తించక ముందే మరణించవచ్చు. అందువలన దీనిని పసిగట్టి మోగే అలారం తప్పనిసరి. వెచ్చదనం కొరకు గ్యాసు పొయ్యిని వెలిగించి నిద్రించకూడదు.

ప్రొపేన్, బ్యూటేన్ గాలి కంటే బరువైనవి. లీకైన గ్యాసు నేల మీద నిలుస్తుంది కనుక కప్పు ఫ్యానును నమ్ముకోరాదు. దీని కొరకు నేల మట్టంలో ఎల్లప్పుడూ తెరచి ఉండే రంధ్రాలు వేరుగా ఉండాలి. ఇటువంటి వాహనాలలో భద్రత కొరకు ఉండవలసిన గాలి మార్గాలను ఐరోపా ప్రమాణం ఈఎన్ 721 నిర్దేశిస్తుంది.

నిర్వహణ

అమర్చిన తరువాత సీలెంటు గట్టిపడనిచ్చి, నీళ్ళు పోసి పరీక్షించాలి. ఆపై కనీసం ఏడాదికి ఒకసారి కప్పు ఎక్కి పగుళ్ళను చూడాలి. చెక్క చట్రంతో కట్టిన మోటార్‌హోమ్‌లలో సన్నని లీకు కూడా పలకల మధ్యకు చేరి, పైకి మరక కనబడేసరికి చెక్కను కుళ్ళబెట్టి ఉంటుంది. దోమతెరకు, రెక్కలకు పట్టిన దుమ్మును అప్పుడప్పుడు తుడవాలి.

భారతదేశంలో

భారతదేశంలో వాహన నిర్మాణంలో చేసే మార్పులకు మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వర్తిస్తుంది. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని ఈ సెక్షను నియంత్రిస్తుంది. కాబట్టి కప్పు కోయక ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం మంచిది.