సముద్రం నేర్పే ఇంగ్లిష్

ఉప్పాడ అంటే మనకి జమ్‌దానీ చీరలు గుర్తొస్తాయి. అక్కడి పిల్లలకి మాత్రం తుపాను వచ్చినప్పుడల్లా కోసుకుపోయే కాకినాడ బీచ్ రోడ్డు, కెరటాలు కూల్చేసిన ఇళ్లు గుర్తొస్తాయి. ఈ సంగతి వాళ్ల ఇంగ్లిష్ క్లాసులోకి వస్తే ఎలా ఉంటుంది?

నేను టెన్త్ దాకా తెలుగు మీడియమే. ఇంగ్లిష్ అంటే బట్టీ పట్టడం. ఇంజినీరింగ్ మొదటి ఏడాది ల్యాబ్‌లో ‘ఏం చూశావో చెప్పు’ అని ఇంగ్లిష్‌లో అడిగితే నోరు పెగల్లేదు. చదివింది ఒప్పజెప్పడం వచ్చుగానీ, చూసింది చెప్పడం రాదు. ఇప్పుడు ఆఫీసు కాల్స్‌లో రోజూ అడిగేవి మూడే: ఏం జరిగింది? ఎందుకు జరిగింది? ఇక ఏం చేద్దాం?

ఉప్పాడ పిల్లలకి ఈ మూడు ప్రశ్నలూ ఇంటి ముందే ఉన్నాయి. ‘ద రోడ్ వాజ్ హియర్. నౌ ద సీ ఈజ్ హియర్. విల్ అవర్ హౌస్ బీ హియర్?’ మూడు వాక్యాల్లో మూడు కాలాలూ వచ్చేశాయి కదా!

పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చేయాలని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దానికి వేరే పీరియడ్ అక్కర్లేదు. సైన్స్‌లో: ఆనకట్టల వెనక ఇసుక ఆగిపోతే, కెరటాలు తీసుకెళ్లినంత ఇసుక గోదావరి తిరిగి తేలేదు. సోషల్‌లో: కాకినాడ రేవుకి అడ్డుగా హోప్ ఐలాండ్ ఉంది, దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకి ఆ అడ్డు లేదు. లెక్కల్లో: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మొత్తం 61 రోజులు. నాన్న రోజు సంపాదనతో గుణిస్తే ఇంటికి ఎంత లోటు? ఈ జవాబులనే ఇంగ్లిష్ పీరియడ్‌లో నాలుగు సొంత వాక్యాలుగా రాయించాలి.

అయితే ముందు తెలుగులోనే మాట్లాడనివ్వాలి. పోటు, ఆటు, కోత గురించి తాతని అడిగి రమ్మనాలి. విషయం బుర్రకెక్కాక ఇంగ్లిష్ మాట దానంతటదే అతుక్కుంటుంది. ఇప్పుడు ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉంటున్నాయి కాబట్టి ఇది కష్టమేం కాదు. మాస్టారికి మాత్రం కాస్త తీరిక కావాలి. సిలబస్ ఎంతవరకు అయిందని మాత్రమే అడిగితే ఏ మాస్టారూ పిల్లల్ని ఒడ్డుకి తీసుకెళ్లరు.

పరీక్షల్లో అధికారికి ఉత్తరం రాయమని ఎలాగూ అడుగుతారు. ఊరి పేరు మార్చి బట్టీ పట్టే ఆ ఉత్తరాన్ని, ఒక్కసారి ఉప్పాడ పేరుతోనే, తమ వీధి గురించే, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయించి కలెక్టర్‌గారికి నిజంగా పోస్టు చేయిస్తే? తప్పులుంటే ఉండనివ్వండి. రాసిన పిల్ల మాత్రం జవాబు కోసం ఎదురుచూస్తుంది.