ఎండలో నిలిపిన విద్యుత్తు కారు: వేడెక్కుట, చల్లారుట

మన పల్నాటిసీమ యెండను గూర్చి రైతులకు వేరుగ చెప్పవలసిన పని లేదు. చైత్రము ముగియకమునుపే రెంటచింతల, మాచర్ల, గురజాల ప్రాంతములలో పగటివేడి 40 డిగ్రీలు దాటుచుండును. రోహిణీకార్తె నాటికి 44, 45 డిగ్రీలగుటయు కలదు. రాష్ట్రమునందు మిక్కిలి వేడిగల తావులను పేర్కొనునపుడు రెంటచింతల పేరు తఱచుగ వినవచ్చుచుండును. ఈ యెండలో సేద్యము చేయుట, పశువులను కాపాడుకొనుట, మిరపకాయను కల్లములో నార్చుకొనుట మనము తరతరములుగ నెఱిగిన పనులే. కాని గాజుతలుపులు బిగించిన కారును ఎండలో నిలుపుట మన గ్రామములకు నిన్న మొన్న వచ్చిన యలవాటు. ఇప్పుడు విద్యుత్తుతో నడచు కార్లు, ఆటోలు, స్కూటర్లు కూడ పల్లెలకు వచ్చుచున్నవి. కావున నిలిపియుంచిన బండి యెంత త్వరగ వేడెక్కునో, ఎట్లు చల్లారునో సభ్యులు తెలిసికొనుట అవసరమని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇది సౌఖ్యమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. 2025 ఏప్రిల్ నెలలో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలము దామరగిద్దలో ఇద్దరు పసిబాలికలు, మరుసటి నెలలో విజయనగరము చేరువనున్న ద్వారపూడిలో నలుగురు బిడ్డలు ఆటలాడుకొనుచు నిలిపియున్న కారులోనికి ప్రవేశించి, వెలుపలికి రాలేక మరణించిరి. రెండు చోట్లను కారు ఊరిలోనే యున్నది. పెద్దలు దూరదేశమున లేరు. ఇట్టి దుఃఖము మన సంఘ గ్రామములలో ఏ యింటికిని రాకూడదనుటయే మా ముఖ్యోద్దేశము.

వేడి యెట్లు చేరును?

మబ్బులేని మధ్యాహ్నమున సూర్యునికి ఎదురుగనున్న చదరపు మీటరు స్థలముమీద సుమారు ఒక కిలోవాటు శక్తి పడుచుండును. కారు గాజులగుండ లోనికి దిగు ఎండ మొత్తము రమారమి ఒక కిలోవాటనుకొనవచ్చును. అనగా గంటకు ఒక యూనిటు కాల్చు విద్యుత్తు పొయ్యిని ఆ చిన్నగదిలో వెలిగించి, తలుపులు మూసి వెళ్లినట్లే యగును.

ఎండ గాజును సులభముగ దాటును. లోపలి డ్యాష్‌బోర్డు, ఆసనములు, స్టీరింగు చక్రము దానిని పీల్చుకొని కాగును. అవి మరల వెలువరించు వేడి కంటికి కానరాని కిరణముల రూపమున నుండును. ఆ కిరణములను గాజు వెలుపలికి పోనీయదు. కాని ఇంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. బయలునందు వేడెక్కిన గాలి పైకి లేచిపోవును, దాని చోటికి చల్లనిగాలి వచ్చును. కారులో నట్టి రాకపోకలు లేవు. 1909లో అమెరికా శాస్త్రజ్ఞుడు వుడ్ రెండు పెట్టెలను తీసికొని, ఒకదానికి గాజుపలకయు, రెండవదానికి వేడికిరణములను పోనిచ్చు రాతియుప్పు పలకయు మూతగ నుంచి ఎండలో పెట్టెను. రెండును దాదాపు సమానముగనే వేడెక్కినవి. గాలిని బంధించుటయే ప్రధానమని దీనివలన తేలినది. అంతకు పూర్వము, 1767 మొదలు, స్విట్జర్లండు వాడైన సొస్యూర్ గాజుమూతల పెట్టెలతో ప్రయోగములు చేసి, లోపల నీరు మరుగునంతటి వేడిని పుట్టించెను. నేటి సూర్యకుక్కరునకు మూలము ఆ పెట్టెయే. ఎండలో తలుపులు మూసిన కారు చక్రములమీది సూర్యకుక్కరని తెలియునది.

ఎంత వేగముగ వేడెక్కును?

కారులోని గాలి మూడు నాలుగు కిలోల బరువునకు మించదు. దానిని ఒక్క డిగ్రీ వేడిచేయుటకు చాల స్వల్పమైన శక్తి చాలును. వచ్చు శక్తి యంతయు గాలికే చేరినచో మూడు నాలుగు సెకండ్లకొక డిగ్రీ చొప్పున పెరిగియుండును. ఆసనములు, ఇనుప రేకులు చాలభాగము త్రాగివేయుటచేత నంత వేగము కానరాదు. అయినను మనము తలచుకొనుదానికంటె త్వరగనే వేడెక్కును.

2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు వైద్యులు ప్రకటించిన పరీక్షలో, ఎండలో నిలిపిన కారులోని గాలి గంటసేపటిలో సగటున 22 డిగ్రీలు పెరిగినది. అందులో నూటికి ఎనుబది వంతులు మొదటి అరగంటలోనే పెరిగినది. అద్దములను అంగుళమున్నర దించియుంచినను ఫలితమున చెప్పుకొనదగిన భేదము లేదు. “అద్దము కొంచెము దించితిమి, భయములేదు” అనుకొనువారు దీనిని గమనింపవలెను.

2018లో ఆరిజోనా రాష్ట్రపు విశ్వవిద్యాలయమువారు మన పల్నాటివలె మండు టెంపీ పట్టణమున మరియొక పరీక్ష చేసిరి. బయట 38 డిగ్రీలకు మించిన దినములలో, గంటసేపు ఎండలో నున్న కార్ల లోపలిగాలి సగటున 47 డిగ్రీలు, ఆసనములు 51, స్టీరింగు 53, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరినవి. నీడలో నున్న కార్లలో గాలి 38 డిగ్రీలును, డ్యాష్‌బోర్డు 48 డిగ్రీలును మాత్రమే. ఎండకును నీడకును గల యంతరమును ఈ యంకెలు చక్కగ చూపుచున్నవి. ఆ శాస్త్రజ్ఞుల లెక్కప్రకారము రెండేండ్ల బిడ్డ శరీరము ఎండలోని కారునందు సుమారు గంటలోను, నీడలోని కారునందు రెండు గంటలలోపునను ప్రాణాపాయకరమైన వేడికి చేరగలదు. కావున నీడ కొంత గడువునిచ్చునే గాని రక్షణ నీయదు.

ఈ రెండు పరీక్షల యంకెలు భిన్నముగ నుండుటకు కారు పరిమాణము, గాజుల విస్తీర్ణము, కొలిచిన తావు మున్నగునవి కారణములు. వీనిని మన 44 డిగ్రీల దినమునకు అన్వయించినచో, కారులోని గాలి గంటలో 53 మొదలు 66 డిగ్రీల వరకు పోవచ్చునని తేలుచున్నది. తక్కువయంకెను తీసికొన్నను అందులో బిడ్డ నిలువజాలదు. చిన్నపిల్లల శరీరము పెద్దవారి శరీరముకంటె మూడు మొదలు ఐదు రెట్లు వేగముగ వేడెక్కును. కారులో గాలి చాలకపోవునను భయము లోకమున నున్నది గాని, సాధారణముగ గాలి తఱుగుటకంటె ముందుగ వేడియే ప్రాణాంతకమగును.

రంగును గూర్చి యొకమాట. నల్లరేగడి యెంతగ కాగునో, సున్నము కొట్టిన గోడ యెంత తక్కువగ కాగునో మనకు తెలియును. 2011లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ప్రయోగశాలవారు నల్లకారును, వెండిరంగు కారును ప్రక్కప్రక్కన ఎండలో నుంచి చూడగా, వెండిరంగుదాని పైకప్పు 25 డిగ్రీల వరకును, లోపలిగాలి 5, 6 డిగ్రీలును తక్కువగ నుండెను. కొత్తకారు కొనువారు తెలుపును గాని లేతరంగును గాని కోరుట మేలు.

ఎట్లు చల్లారును?

కారు తలుపులన్నియు తెఱచినచో లోపలిగాలి ఒకటి రెండు నిమిషములలో వెలుపలి గాలితో సమమగును. కాని తలుపులు మూసిన కొలది నిమిషములకే మరల ఉక్కపోయును. ఏలయన గాలి మారినదిగాని ఆసనములు, డ్యాష్‌బోర్డు దాచుకొన్న వేడి మారలేదు. మన యరుగులమీది నాపరాయి, ప్రొద్దుక్రుంకిన పిదపను చాలసేపు కాళ్లకు వెచ్చగ తగులుచుండుట ఇట్టిదే. కావున ఎండలోనుండి వచ్చిన కారును మొదట తలుపులు తెఱచి, ఒకవైపు అద్దము దించి, ఎదుటివైపు తలుపును నాలుగైదు మారులు తెఱచుచు మూయుచు విసరినచో వేడిగాలి వెడలిపోవును. తరువాత అద్దములు కొంచెము దించి, శీతల యంత్రమును వేసి, ఒకటి రెండు నిమిషములు నడపిన పిమ్మట అద్దములెత్తి, లోపలిగాలినే తిప్పు మీటను నొక్కవలెను. లోనికి వచ్చుచున్న 44 డిగ్రీల గాలిని చల్లబరచుటకంటె, ఇంచుక చల్లబడిన లోపలిగాలిని మరల చల్లబరచుటకు తక్కువ శక్తి చాలును.

రాత్రివేళ కారు పైకప్పు ఆకాశమునకు వేడిని వెలువరించి, చుట్టునున్న గాలికంటె కూడ చల్లబడగలదు. శీతకాలపు ఉదయమున కారుమీద మంచు తడి కనబడుటకు ఇదియే కారణము.

విద్యుత్తు కారునందలి భేదము

ఎండకు పెట్రోలు కారు, విద్యుత్తు కారు అను భేదము లేదు; రెండింటి లోపలిభాగములు ఒకేరీతిగ కాగును. భేదము బ్యాటరీయందున్నది. అది నేలకు దగ్గరగ, కారు అడుగున, నీడలో నుండును. దాని బరువు కొన్ని వందల కిలోలు. మూడువందల కిలోల బ్యాటరీని ఒక డిగ్రీ వేడిచేయుటకు కారులోని గాలికి వలయు శక్తికి ఎనుబది తొంబది రెట్లు వలయును. చిన్న చెంబులోని నీరు త్వరగ కాగి త్వరగ చల్లారుటయు, పెద్దకాగులోని నీరు నెమ్మదిగ కాగి నెమ్మదిగ చల్లారుటయు మన యిండ్లలో చూచుచున్నదే. కారులోని గాలి నిమిషములలో కాగును. బ్యాటరీ గంటలలో కాగును. అట్లే, ఒకసారి కాగిన బ్యాటరీ చల్లారుటకును గంటలు పట్టును. ఇందుచే లోపల చల్లగనున్నది గదాయని బ్యాటరీయు చల్లగనున్నదనుకొనరాదు.

స్కూటరు బ్యాటరీ చిన్నది; పెక్కింటిలో చల్లార్చు ద్రవమును లేదు. కావున అది కారు బ్యాటరీకంటె త్వరగ వేడెక్కును. లిథియము బ్యాటరీలకు 15 మొదలు 35 డిగ్రీల వరకు హితమైన వేడి. అంతకు మించి చిరకాలము కాగుచుండినచో వాని ఆయుష్షు తఱుగును. నిండుగ చార్జిచేసి ఎండలో దినములతరబడి ఉంచుట మరింత హాని. చార్జి చేయుటయందును బ్యాటరీ స్వయముగ వేడెక్కును గనుక, ఎండనపడి వచ్చిన స్కూటరును వెంటనే చార్జికి పెట్టక, అరగంటయో గంటయో నీడలో చల్లారనీయవలెను. 2022 ఏప్రిల్‌లో విజయవాడయందు పడకగదిలో చార్జి చేయుచున్న స్కూటరు బ్యాటరీ ప్రేలి ఒకరు మరణించిరి. నిద్రించు గదిలో బ్యాటరీని చార్జికి పెట్టరాదు.

విద్యుత్తు కారువలన నొక సదుపాయము కలదు. ఇంజను వేయకయే, బయలుదేరుటకు పదినిమిషములు ముందుగ శీతల యంత్రమును నడపుకొనవచ్చును. మూడు కిలోవాట్లు లాగినను పదినిమిషములకు అర యూనిటే ఖర్చగును. 2020లో మన దేశమున విక్రయమునకు వచ్చిన నెక్సాన్ విద్యుత్తు కారు బ్యాటరీ 30 యూనిట్లు పట్టునది. అందులో అర యూనిటు అరువదింట నొకవంతు మాత్రమే. చార్జి తీగ తగిలించియుండగనే చల్లబరచుకొన్నచో బ్యాటరీనుండి ఆ ఖర్చును తప్పును. పెట్రోలు కారును మూసిన కొట్టములో నట్లు నడపినచో విషవాయువు నిండును; విద్యుత్తు కారునకు పొగ లేదు. అయినను యంత్రము నడచుచున్నదని నమ్మి బిడ్డను లోపల విడిచి వెళ్లుట యెంతమాత్రమును తగదు. యంత్రము ఏ కారణముచేతనైన ఆగవచ్చును.

కారులో విడువరాని సరకులు

నరసరావుపేటకో, గుంటూరునకో పోయి విత్తనములు, మందులు తెచ్చువారు, దారిలో భోజనమునకు ఆగినపుడు సరకును ఎండకారులో విడుచుట పరిపాటియైనది. విత్తన శాస్త్రజ్ఞుడు హారింగ్టన్ చెప్పిన మోటులెక్క యొకటి కలదు: నిలువయందలి వేడి 5 డిగ్రీలు పెరిగినపుడెల్ల విత్తనపు ఆయుష్షు సగమగును. కావున ప్రత్తి, మిరప విత్తన పొట్లములను డ్యాష్‌బోర్డుమీద దినములతరబడి ఉంచుట డబ్బును కాల్చుకొనుటయే. ట్రైకోడెర్మా, రైజోబియము వంటివి సజీవములు; అవి కాగినచో చచ్చును. పశువుల గాలికుంటు టీకా 2 మొదలు 8 డిగ్రీల మధ్య నుండవలసినది. మంచుపెట్టె లేక కారులో నుంచినచో, వేసినను ఫలింపదు. ఇక పురుగుమందును మనుష్యులు కూర్చుండు భాగమున తేనేకూడదు. వేడికి ఆవిరి లేచి ఊపిరిలో చేరును.

సభ్యులు పాటింపవలసినవి

1. ఇంటియొద్దను, పొలమునొద్దను కారునకు ఎల్లపుడు తాళము వేయుడు. తాళపుచెవి పిల్లలకు అందనీయకుడు. దిగునపుడు వెనుక ఆసనమును ఒకమారు చూడుడు.

2. బిడ్డ కనబడనిచో మొదట బావిని, కుంటను, నిలిపిన కార్లను వెదకుడు. డిక్కీని మరువకుడు.

3. వెనుక తలుపులకు పిల్లలతాళము వేసియున్నచో అవి లోపలినుండి తెఱవబడవు. అట్టపుడు ముందుకు వచ్చి హారను నొక్కవలెనని పిల్లలకు నేర్పుడు. పెక్కు కార్లలో బండి ఆపియున్నను హారను మ్రోగును.

4. విద్యుత్తు తాళములు పనిచేయనిచో చేతితో తెఱచు మీట యెక్కడనున్నదో ఇంటివారందఱు తెలిసికొనుడు.

5. లోపల ఎవరైన చిక్కినచో, వారికి దూరపు ప్రక్క అద్దమును మూలయందు కొట్టి పగులగొట్టుడు. ముందరి అద్దము పొరలుగలది, సులభముగ పగులదు.

6. వెలుపలికి తీసినవారిని నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి, విసరుచు, 108కి కబురు చేయుడు. స్పృహలేనివారికి నీరు పోయకుడు.

7. చెట్టునీడ గాని పందిరి గాని దొరకినచో అక్కడ నిలుపుడు. దొరకనిచో ముందరి అద్దమునకు లోపల అట్టయో, తెల్లని తెరయో అడ్డముంచుడు. డ్యాష్‌బోర్డు కాక చాలవరకు తగ్గును.

వేపచెట్టు నీడకు ఖర్చులేదు. సంఘ గిడ్డంగులయొద్దను, పాలకేంద్రములయొద్దను బండ్లు నిలుపుచోట్ల ఈ వర్షకాలమున నాలుగేసి వేప, కానుగ మొక్కలు నాటినచో, కొన్ని యేండ్లకు బండికిని, బండివానికిని, అచ్చట నాడుకొను బిడ్డలకును నీడ కలుగును. ఈ విషయమును ప్రతి గ్రామసంఘము తమ రాబోవు సమావేశమున చర్చింపవలెనని కోరుచున్నాము. చదువనేర్చిన సభ్యులు ఈ వ్యాసమును ఇంటిలోని ఆడవారికిని, పిల్లలకును చదివి వినిపింపవలెనని మా మనవి.