రాబోయే ఆపరేటింగ్ సిస్టమ్‌కు తగిన ఇంటి కంప్యూటర్‌ను ఎంచుకోవడం

ఆపరేటింగ్ సిస్టమ్ ఏమేం పనులు చేస్తుందో గత భాగంలో చదివారు. ఈ భాగంలో చర్చించేది పూర్తిగా ఆచరణకు సంబంధించిన ప్రశ్న. ఇవాళ మీరు కొనే కంప్యూటరు ఆరేడేళ్ల తరువాత వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడపగలదా? ఈ కోర్సు చదివేవారిలో ఎక్కువమంది ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ, ఇల్లు నడుపుకుంటూ చదువుతున్నవారు. కంప్యూటరు కొనడం మీకు ఏటా చేసే పని కాదు. ఒకసారి పెట్టిన ముప్పై నలభై వేలు మీ డిగ్రీ పూర్తయ్యేదాకా, వీలైతే పిల్లల చదువుదాకా పనికిరావాలి.

ముందుగా నా పొరపాటు ఒకటి చెబుతాను. 2017 వేసవిలో నేనొక డెస్క్‌టాప్ కొన్నాను. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. "పదేళ్లదాకా చూసుకోనక్కర్లేదు సార్" అన్నాడు దుకాణంలో కుర్రాడు. నాకూ అలాగే అనిపించింది. తరగతిలో ఆ మాటే చెప్పాను కూడా. మరుసటి ఏడాది మా అన్నయ్యగారి అబ్బాయి నేను పెట్టిన దాంట్లో సగం డబ్బుకు ఐ3 8100 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం తీసుకున్నాడు. "ఇంకొంచెం డబ్బు పెట్టాల్సింది రా" అని సలహా ఇచ్చాను. 2021 అక్టోబరు 5న విండోస్ 11 విడుదలైంది. వాడి యంత్రం పరీక్షలో నెగ్గింది. నాది నెగ్గలేదు. నాది ఏడో తరం ప్రాసెసర్, వాడిది ఎనిమిదో తరం. అంతే తేడా! వేగంలో నాదే ముందుంది, ఇప్పటికీ ముందే ఉంటుంది. కాని వేగం వేరు, మద్దతు వేరు అని నాకు అప్పుడు తెలిసివచ్చింది.

అంతకుముందు నేను అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. విండోస్ చరిత్ర చూడండి. 1995లో విండోస్ 95కు కనీసం 4 ఎంబీ ర్యామ్ కావలసి వచ్చింది. 2001లో ఎక్స్‌పీకి 64 ఎంబీ, 2007లో విస్టాకు 512 ఎంబీ, 2009లో విండోస్ 7కు 1 జీబీ (64-బిట్ అయితే 2 జీబీ) కావలసి వచ్చింది. 2015లో వచ్చిన విండోస్ 10కు కూడా అంతే సరిపోయింది. ఇన్నేళ్లూ షరతులు చాలావరకు పరిమాణానికి సంబంధించినవే. ఎంత ర్యామ్, ఎంత డిస్క్, ఎంత వేగం అన్నవే ప్రశ్నలు. ర్యామ్ చాలకపోతే ఇంకో ముక్క కొని గుచ్చితే సరిపోయేది. విండోస్ 11 కూడా 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ మాత్రమే అడిగింది. కాని దాంతోపాటు మూడు కొత్త షరతులు పెట్టింది: టీపీఎమ్ 2.0, యూఈఎఫ్‌ఐ ద్వారా సెక్యూర్ బూట్, ఆమోదించిన జాబితాలో ఉన్న ప్రాసెసర్. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 వరుస నుంచి ఆ జాబితా మొదలవుతుంది. ఇవి పరిమాణాన్ని కాక స్వభావాన్ని చూసే షరతులు. చివరిదాన్ని తరువాత ముక్క తెచ్చి గుచ్చి సరిచేసుకోవడం చాలా యంత్రాల్లో కుదరదు.

టీపీఎమ్ అంటే ఏమిటి? రహస్య తాళపుచెవులను దాచిపెట్టే చిన్న భద్రతా భాగం. ఇది విడి చిప్‌గా ఉండవచ్చు, ప్రాసెసర్‌లోనే భాగంగానూ ఉండవచ్చు. మీ డిస్కును సంకేతీకరించినప్పుడు దాన్ని విప్పే తాళపుచెవి ఇందులో భద్రంగా ఉంటుంది. డిస్కును ఊడదీసి వేరే కంప్యూటరుకు తగిలించినా చదవడం కుదరదు. సెక్యూర్ బూట్ పని వేరు. యంత్రం మొదలయ్యే క్షణంలో, విండోస్ ఇంకా లేవకముందే, నడవబోయే ప్రోగ్రాము మీద నమ్మదగిన సంతకం ఉందో లేదో చూస్తుంది. ఆ దశలో దూరిన వైరస్‌ను తరువాత ఏ యాంటీవైరస్ పట్టుకోవడమైనా కష్టమే. ఇక్కడొక ఊరట ఉంది. 2016 తరువాతి డెస్క్‌టాప్ బోర్డుల్లో చాలావాటిలో టీపీఎమ్ ఉండి కూడా బయోస్‌లో ఆపివేసి ఉంటుంది. "మీ కంప్యూటరు పనికిరాదు" అని ఎవరైనా చెబితే, ముందు బయోస్‌లో అది ఆన్ చేసి ఉందేమో చూడండి. డబ్బు సంగతి తరువాత.

మద్దతు లేని ఆపరేటింగ్ సిస్టమ్‌తో సర్దుకుంటే ఏమవుతుందని మీరు అడగవచ్చు. కంప్యూటరు ఆగిపోదు. అసలు ఇబ్బంది అక్కడే ఉంది, ఆగిపోతే మనమే మార్చేవాళ్లం. 2017 మే నెలలో వన్నాక్రై అనే ప్రోగ్రాము ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డట్టు పత్రికల్లో వచ్చింది. ఆ లోపాన్ని సరిచేసే సవరణ అంతకు రెండు నెలల ముందే, మద్దతు ఉన్న విండోస్‌లకు సిద్ధంగా ఉంది. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ముగిసినందువల్ల, దాడి జరిగాక గాని దానికి సవరణ అందరికీ అందలేదు. ఇక రెండో ఇబ్బంది నెమ్మదిగా వస్తుంది. 2023 ఫిబ్రవరి నుంచి క్రోమ్ బ్రౌజర్ కొత్త వెర్షన్లు విండోస్ 7లో నడవడం మానేశాయి. బ్రౌజర్ పాతబడితే బ్యాంకు సైటు, ఫీజు కట్టే పేజీ ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి వినియోగదారులకు మరో ఏడాదిపాటు భద్రతా సవరణలు ఇచ్చే ఏర్పాటు చేశారు.

(డీటీపీ పని చేసే విద్యార్థులకు ఒక మాట. పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం పాత విండోస్‌నే నమ్ముకున్నవారు నాకు చాలామంది తెలుసు. వారిని తప్పుపట్టను, పొట్టకూటి పని అది. ఆ యంత్రాన్ని అలాగే ఉంచుకోండి, కాని ఇంటర్‌నెట్ తీగ మాత్రం తీసేయండి. బ్యాంకు పని దానిమీద చేయవద్దు.)

తరం తెలుసుకోవడం ఎలా?

ప్రకటనల్లో "ఐ5", "ఐ7" అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. మీకు కావలసింది దాని పక్కనున్న అంకె. ఐ5 8250యు అంటే మొదటి అంకె 8, అది ఎనిమిదో తరం. ఐ5 10210యు పదో తరం. ఐ5 1135జీ7 పదకొండో తరం, ఐ5 1235యు పన్నెండో తరం. 2023 డిసెంబరు నుంచి ఇంటెల్ కోర్ అల్ట్రా అనే కొత్త వరుస మొదలుపెట్టి పేర్లు మార్చింది. రైజెన్ పేర్లు మరింత తికమకగా ఉంటాయి. రైజెన్ 5 7520యు తీసుకోండి. మొదట్లో 7 చూసి కొత్తదనుకుంటాం. ఆ వరుసలో లోపలి నిర్మాణాన్ని చెప్పేది మూడో అంకె. ఇక్కడ 2 అంటే జెన్ 2, అంటే 2019 నాటి నిర్మాణం. విండోస్ 11కు అది పనికివస్తుంది. కాని తరువాతి గీత ఎక్కడ గీస్తారో తెలియనప్పుడు, గీతకు దగ్గరగా నిలబడిన యంత్రానికి కొత్త యంత్రం ధర పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

సెకండ్‌హ్యాండ్ కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కంపెనీలు వదిలించుకున్న ఆరో తరం, ఏడో తరం ఐ7 ల్యాప్‌టాప్‌లు పదిహేను వేలకే దొరుకుతాయి. "విండోస్ 11 ఎక్కించి ఇస్తాం" అంటారు, నిజంగానే ఎక్కించి ఇస్తారు. తనిఖీని దాటవేసే ఉపాయాలు ఉన్నాయి. కాని అలా ఎక్కించినదానికి మైక్రోసాఫ్ట్ హామీ లేదు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్, పాప్‌కౌంట్ అనే ఆదేశం లేని బాగా పాత ప్రాసెసర్ల మీద అసలు మొదలే కాలేదు. అంతవరకు దొడ్డిదారిన నడిచిన యంత్రాలు అక్కడితో ఆగిపోయాయి.

ఖర్చు విషయంలో నా సలహా ఇది. తరువాత మార్చలేనిదాని మీద ముందు డబ్బు పెట్టండి. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌ను మార్చలేరు. ఎస్‌ఎస్‌డీని సాధారణంగా మార్చవచ్చు. ర్యామ్ సంగతి అడిగి తెలుసుకోవాలి. కొన్నింటిలో బోర్డుకే సోల్డర్ చేసేస్తారు, కొన్నింటిలో ఖాళీ స్లాట్ ఉంటుంది. కొత్త తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఒక ఖాళీ స్లాట్ ఉన్నది దొరికితే తీసుకోండి, రెండేళ్ల తరువాత మరో 8 జీబీ వేసుకోవచ్చు. స్లాట్ లేకపోతే మాత్రం మొదటే 16 జీబీ తీసుకోండి.

పెట్టె మీద స్టిక్కర్లను చూసి మోసపోవద్దు. 2006లో "విండోస్ విస్టా కేపబుల్" అనే స్టిక్కరుతో అమ్మిన కొన్ని యంత్రాలు విస్టాలో అడుగు రకమైన హోమ్ బేసిక్‌ను మాత్రమే సరిగా నడపగలిగాయి. అమెరికాలో కొనుగోలుదారులు కోర్టుకు కూడా వెళ్లారు. 2024 నుంచి కోపైలట్ ప్లస్ పేరుతో 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఎన్‌పీయూ ఉన్న యంత్రాలు వస్తున్నాయి. ఆ 16 జీబీని సూచనగా తీసుకోండి. ఒక్క ఎన్‌పీయూ కోసమే పది పదిహేను వేలు అదనంగా పెట్టాల్సిన అవసరం మన విద్యార్థులకు నాకు కనిపించడం లేదు.

ఆపిల్ విషయం క్లుప్తంగా. 2020 నవంబరులో ఆ సంస్థ సొంత చిప్‌లకు మారింది. అదే ఏడాది మొదట్లో వచ్చిన ఇంటెల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌కు 2025లో వచ్చిన టాహో లభించలేదు. క్రోమ్‌బుక్‌లకు గూగుల్ పదేళ్ల అప్‌డేట్లు ఇస్తామంది. అయితే ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ నమూనా పుట్టిన రోజు నుంచి. పాత యంత్రమే ఉండి కొత్తది కొనే స్తోమత లేనివారికి లినక్స్ ఉంది. ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్లకు అయిదేళ్ల సవరణలు వస్తాయి, తెలుగు టైపింగు కూడా అందులో బాగానే ఉంది. నా 2017 డెస్క్‌టాప్ ఇప్పుడు దానిమీదే నడుస్తోంది. ఈ పాఠం అందులోనే టైపు చేశాను.

అభ్యాసం

మీ ఇంట్లోనో, దగ్గరలోని అధ్యయన కేంద్రంలోనో ఉన్న విండోస్ కంప్యూటరు ముందు కూర్చోండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ పేజీ తెరిచి ప్రాసెసర్ పేరు, ర్యామ్ నోట్‌బుక్‌లో రాసుకోండి. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ పేజీకి వెళ్లి సెక్యూరిటీ ప్రాసెసర్ ఉందా, ఉంటే దాని వెర్షన్ ఎంత అన్నది చూడండి. ఆ ప్రాసెసర్ ఏ తరానికి చెందినదో పైన చెప్పిన పద్ధతిలో నిర్ణయించి, కారణాలతో అరపేజీ రాసి సంప్రదింపు తరగతికి తీసుకురండి.