ఆ మాత్రం దిగులు ఉండదా!

వసంత్ కుంజ్ అనగానే ఢిల్లీవాళ్ళకు నెల్సన్ మండేలా మార్గ్‌లో పక్కపక్కనే ఉన్న పెద్ద పెద్ద మాల్స్ గుర్తొస్తాయి. అక్కడికి దగ్గర్లోనే, సెక్టర్ సీలో, ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ ఉంది. బైకు మీంచి పడినవాళ్ళు, మేడ మీంచి జారినవాళ్ళు, నడుము కింద స్పర్శ లేనివాళ్ళు, వాళ్ళతో వచ్చిన తల్లులు, అన్నదమ్ములు అక్కడికి చేరుతుంటారు. దాన్ని స్థాపించిన మేజర్ హరిపాల్ సింగ్ అహ్లూవాలియా 1965 మే 29న ఎవరెస్టు శిఖరం ఎక్కారు. అదే ఏడాది పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో తూటా తగిలి వెన్నుపాము దెబ్బతింది. ఇంగ్లాండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వైద్యం చేయించుకుని వచ్చి, మన దేశంలోనూ అలాంటిది ఒకటి ఉండాలని పట్టుబట్టారు. 2022 జనవరిలో కన్నుమూసేదాకా చక్రాల కుర్చీలోనే తిరిగారు.

ఇలాంటి జీవితాలను మనం మనోబలానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. నాకు అందులో ఒక ఇబ్బంది కనిపిస్తుంది. ఆయన మళ్ళీ నిలదొక్కుకోగలిగింది మనోబలంతోనే అయితే, కుంగిపోయి మంచం దిగనివాడికి అది లేదనేగా అర్థం? కుంగుబాటు, అదే డిప్రెషన్, జబ్బు. జ్వరం వచ్చినవాణ్ణి ధైర్యం లేదని తిట్టం కదా.

దీనికి సరిగ్గా ఎదురుగా మరో పొరపాటు ఉంది. రోగిని చూడటానికి వచ్చినవాళ్ళు గది బయటికి రాగానే అనే మాట: “కాళ్ళు పడిపోతే ఆ మాత్రం దిగులు ఉండదా!” జాలితో అనే మాటే. కానీ జబ్బును కప్పేసేది కూడా అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వెన్నుపాము గాయమైనవాళ్ళలో చికిత్స అవసరమయ్యేంత కుంగుబాటు లక్షణాలు కనిపించేది 20 నుంచి 30 శాతం మందిలో. మామూలు జనాభాతో పోలిస్తే ఇది చాలా ఎక్కువే. అయితే లెక్కను రెండో వైపు నుంచి చూడండి. ఇంత పెద్ద దెబ్బ తగిలినా ఎక్కువమంది ఏడుస్తారు, కోప్పడతారు, దేవుణ్ణి నిలదీస్తారు, నిద్ర మానుకుంటారు, కానీ కుంగుబాటులోకి జారిపోరు. అంటే అది గాయంతో పాటు తప్పనిసరిగా వచ్చేది కాదు. వచ్చినప్పుడు విడిగా గుర్తించాలి, విడిగా వైద్యం చేయాలి.

గుర్తించడమెలా? డాక్టర్లు వాడే ప్రశ్నావళుల్లో బాగా పేరున్నది పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు మనసు దిగులుగా ఉంది, దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా, నిద్ర, నీరసం, ఆకలి, తన మీద తనకు చిన్నచూపు, ఏకాగ్రత, కదలికల్లో మందకొడితనం లేదా స్థిమితం లేకపోవడం, చనిపోవాలన్న ఆలోచనలు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు నిదానంగా కూర్చుని మాట్లాడాల్సిందే. కానీ వెన్నుపాము వార్డులో ఈ కొలబద్ద తికమక పెడుతుంది. పడక పుళ్ళు పడకుండా రాత్రంతా కొన్ని గంటలకోసారి అటూ ఇటూ తిప్పుతుంటే ఎవరికి నిద్ర పడుతుంది? మందులతో ఆకలి చస్తుంది, కండరాలు కరిగి నీరసం వస్తుంది. ఒంటికి సంబంధించిన గుర్తులన్నీ గాయం ఖాతాలోకి పోతాయి. మిగిలేవి మనసు గుర్తులు. ఆసక్తి ఉందా? దిగులు వచ్చి పోతోందా, కదలకుండా కూర్చుందా?

బాధ అలలుగా వస్తుంది. పొద్దున ఏడ్చినవాడు సాయంత్రం చిన్న కూతురు వీడియో కాల్‌లో వేషాలు వేస్తే నవ్వుతాడు. కుంగుబాటులో ఆ నవ్వు రాదు, వచ్చినా ముఖం మీదే ఆగిపోతుంది. “నేను లేకపోతే మీకు పీడ విరగడవుతుంది” అనే మాట మొదలవుతుంది. ఫిజియోథెరపీకి రానంటాడు. ఇంట్లోవాళ్ళు మొండితనం అనుకుంటారు.

ఈ మార్పు డాక్టరు కంటే ముందు స్నేహితుడి కంటపడే అవకాశం ఎక్కువ. డాక్టరుకు తెలిసింది గాయం తర్వాతి మనిషి మాత్రమే. పక్కింటి శీనుకు అంతకుముందు మనిషి కూడా తెలుసు. మ్యాచ్ రోజు స్కోరు అడగకుండా ఉండలేనివాడు ఇప్పుడు టీవీ కట్టేయమంటున్నాడంటే ఆ తేడా ఏ ప్రశ్నావళికీ అందదు. పైగా మనవాళ్ళు “దిగులుగా ఉంది” అని నోరు తెరిచి చెప్పడం తక్కువ. తల బరువంటారు, గుండెల్లో దడ అంటారు, ఒళ్ళంతా లాగేస్తోందంటారు. అలాంటప్పుడు థైరాయిడ్, బీ12 పరీక్షలూ చేయించాల్సిందే, మనసు సంగతీ అడగాల్సిందే.

స్నేహం వల్ల జబ్బు నయమవుతుందా అన్నది పరిశోధకులు గట్టిగా పట్టుకున్న ప్రశ్నే. జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ లండన్‌లోని క్యాంబర్‌వెల్ ప్రాంతపు ఆడవాళ్ళను అధ్యయనం చేసి 1978లో పుస్తకం వేశారు. పెద్ద కష్టం వచ్చిపడినప్పుడు, మనసు విప్పి చెప్పుకోగల ఆత్మీయులు ఉన్నవాళ్ళు లేనివాళ్ళకంటే తక్కువగా కుంగిపోయారని అందులో తేలింది. తర్వాత హారిస్ బృందం ఇంకో అడుగు వేసింది. ఏళ్ళ తరబడి కుంగుబాటుతో ఉన్న స్త్రీలకు వారానికోసారి వచ్చి కబుర్లు చెప్పి, కలిసి బయటికి తీసుకెళ్ళే స్వచ్ఛంద స్నేహితురాళ్ళను జతచేసింది. 1999లో వచ్చిన ఫలితాల్లో, స్నేహితురాలు దొరికినవాళ్ళలో కోలుకున్నవారు ఎక్కువ.

స్నేహం పనిచేసే తీరు మరీ అంతుచిక్కనిదేం కాదు. మనసు బాగోలేక పని మానేస్తాం. పని మానేస్తే ఆ పనిలో దొరికే కాస్త సంతోషమూ పోతుంది. దాంతో మనసు ఇంకా దిగజారుతుంది. ఈ గిరగిర తిరుగుడును ఎక్కడో ఒకచోట తెంచాలి. మనసు బాగయ్యేదాకా ఆగకుండా, ముందు చిన్న పని మొదలుపెట్టించడం ఒక చికిత్సగా స్థిరపడింది. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవాళ్ళకు ఈ పద్ధతిలో సాయం చేయించారు. మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్ళకంటే వీళ్ళు మెరుగయ్యారని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. స్టోక్ మాండవిల్‌లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఇలాంటి పనే ముందెప్పుడో చేశాడు. 1948లో లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, చక్రాల కుర్చీల్లో ఉన్న 16 మంది మాజీ సైనికులతో విలువిద్య పోటీ పెట్టించాడు. పారాలింపిక్స్‌కు బీజం అదే.

గాయంతో పదేళ్ళు గడిపిన మనిషి తన కుర్చీ తానే తోసుకుంటూ కొత్త రోగి మంచం దగ్గరకు వస్తే జరిగేది వేరు. వెన్నుపాము గాయాల కేంద్రాల్లో దీన్ని పీర్ కౌన్సెలింగ్ అంటారు. మూత్రం గొట్టం గురించి, పెళ్ళాం ముందు సిగ్గు గురించి, ఉద్యోగం గురించి డాక్టరును అడగలేనివి అతన్ని అడుగుతారు. “అన్నా, బస్సెక్కుతావా?” అన్న ప్రశ్నకు అతను ఎక్కే తీరే జవాబు.

స్నేహంలోనూ చిక్కులున్నాయి. పరిశోధకురాలు అమాండా రోజ్ 2002లో పిల్లల స్నేహాలను పరిశీలించింది. ఇద్దరూ కూర్చుని ఒకే బాధను పదేపదే తవ్వుకుంటుంటే స్నేహం చిక్కనవుతుంది కానీ, దానితో పాటు దిగులు, ఆందోళన కూడా ఎక్కువగానే కనిపిస్తాయి. కాబట్టి వినాలి, విన్నాక “పద, గేటు దాకా పోయొద్దాం” అనాలి. స్నేహితుడు మందుకు బదులు కాడు. కుంగుబాటు మందులు పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా “ఏం గుణం లేదు” అని మానేసేవాళ్ళు చాలామంది. ఆ వారాలు దాటించడం స్నేహితుడు చేయగల పని.

అసలు కష్టం ఇంటికి చేరాక మొదలవుతుంది. మోకు జారి తాటిచెట్టు మీంచి పడిన గీత కార్మికుణ్ణే తీసుకోండి. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరిట భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందే పడి మంచాన ఉన్నవాళ్ళు ఊరూరా ఉన్నారు. మొదటి వారం ఇంటినిండా జనం, పళ్ళ సంచులు. రెండో నెలకు ఎవరూ రారు. ప్రేమ లేక కాదు, వచ్చి ఏం మాట్లాడాలో తెలియక. “ఇన్నాళ్ళూ రాకుండా ఇప్పుడేం మొహం పెట్టుకుని పోను” అని మరికొందరు. పరిశోధకురాలు పెగ్గీ లియూ బృందం 2022లో ప్రచురించిన ప్రయోగాలు వాళ్ళు చదవాల్సినవి. చాలాకాలం తర్వాత పలకరిస్తే అవతలివాళ్ళు ఎంత సంతోషిస్తారో, పలకరించేవాళ్ళు సాధారణంగా తక్కువగానే అంచనా వేస్తారట.

చావు మాట ఎత్తితే సూటిగా అడగండి: “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. అవునంటే ఒంటరిగా వదలకూడదు, ఆ పూటే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాలి. టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఆ నంబరు మంచం మీద ఉన్నవాడికే కాదు. అతన్ని తిప్పుతూ, కడుగుతూ, రాత్రుళ్ళు మేలుకుంటున్న భార్యో తల్లో పక్కనే ఉంటుంది. ఆమె సన్నబడినా, మాట తగ్గినా ఊళ్ళో అనే మాట మళ్ళీ అదే: “ఆ మాత్రం దిగులు ఉండదా!” రెండు వారాలు, తొమ్మిది ప్రశ్నలు ఆమెకూ వర్తిస్తాయి. ఆమెకు ఇలాంటి ఫోను చేసుకునే తీరిక కావాలంటే, ఆ పూట రోగి పక్కన ఇంకెవరైనా కూర్చోవాలి.