ఒకే ఇంట్లో రెండు కాపురాలు!

"చెల్లె, నా కంప్యూటర్ ఇగ పనికిరాదంటున్నరు. కొత్తది కొనుమంటున్నరు. మరి నా పేజ్‌మేకర్ గతేంది?"

మంచిర్యాల నుంచి మా అక్క ఫోన్. అక్క ఇంట్లోనే డీటీపీ చేస్తుంది. పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, దశదిన కర్మ కార్డులు, కిరాణా కొట్ల బిల్లుబుక్కులు... ఇద్దరు పిల్లల చదువులు ఆ ఒక్క కంప్యూటర్ మీదే గట్టెక్కాయి. అలాంటిది 'పనికిరాదు' అంటే గుండెల్లో రాయి పడదూ!

ఈ దిగులు మా అక్క ఒక్కదానిదే కాదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ తన సాధారణ మద్దతు ఆపేసింది. అంటే ఆ రోజు నుంచి కంప్యూటర్ మొరాయిస్తుందని కాదు. ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, పనిచేస్తుంది. కాకపోతే దొంగలు దూరే కంతలు కొత్తగా బయటపడితే పూడ్చే నాథుడు ఉండడు. పేరు నమోదు చేసుకున్న వాళ్లకు మాత్రం భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామని ప్రకటించారు.

పోనీ విండోస్ 11 వేసుకుందామా అంటే దానికి షరతులున్నాయి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ వాళ్ల జాబితాలో ఉండాలి. ఏడెనిమిదేళ్లు దాటిన కంప్యూటర్లలో చాలావాటికి ఆ యోగం లేదు. అక్కడ తేలాల్సిన ప్రశ్న ఒకటే. పాతదాన్ని పారేయాలా? లేక అదే పెట్టెలో రెండో ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా చోటివ్వవచ్చా?

ఇవ్వవచ్చు. అద్దెకిచ్చే ఇంట్లో వాటాలు వేసినట్టే!

ఏ వాటాలో ఎవరు?

మన ఊళ్లలో డీటీపీ చేసే ఆడవాళ్లకు ఓ చిక్కుంది. ఏళ్ల తరబడి చేసిన మ్యాటరంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉంటుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. తర్వాత అడోబ్ దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు. ఆ పాత సరంజామా కొత్త కంప్యూటర్‌లో అచ్చం అలాగే నడుస్తుందని ఎవరూ రాసివ్వరు. కాబట్టి పాత విండోస్ ఉండాల్సిందే. కానీ దాంతోనే నెట్‌లోకి వెళ్లడం, బ్యాంకు పనులు చేయడం క్షేమం కాదు.

అందుకే పని పంచాలి. కంపోజింగ్, ప్రింటింగ్ విండోస్ వాటాలో. దానికి నెట్ కనెక్షన్ తీసేయాలి. మెయిల్, బ్యాంకు, వాట్సాప్ వెబ్, పిల్లల ఆన్‌లైన్ పాఠాలు లినక్స్ వాటాలో.

లినక్స్ అంటే బెదిరిపోనక్కర్లేదు. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన పని అది. తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది తలో చేయీ వేశారు. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నదీ లినక్సే. పక్కన కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నది దాని మీదే. దీన్ని తెలుగులోకి తేవడానికి హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' సంస్థ 2005 నుంచి కృషి చేస్తోంది. ఉబుంటు, మింట్ వంటి లినక్స్ రకాలు ఉచితం. విండోస్‌కు అలవాటు పడ్డ వాళ్లకు మింట్ సులువుగా ఉంటుంది.

నేను చేసిన తప్పు

అక్కకు ధైర్యం చెప్పానే గానీ, నాలో నాకు బెరుకే. ఎందుకంటే ఏడేళ్ల కిందట కరీంనగర్‌లో మా ఇంట్లో ఈ ప్రయోగం చేసి చేతులు కాల్చుకున్నదాన్ని. పెన్‌డ్రైవ్ పెట్టాను. ఒక్కో ప్రశ్నకూ చదవకుండా 'సరే' కొట్టుకుంటూ పోయాను. అందులో 'ఎరేజ్ డిస్క్' అన్న మాటకూ 'సరే' అన్నాను. అంతే! లినక్స్ చక్కగా వచ్చింది. విండోస్ పోయింది. దాంతోపాటు ధర్మపురి జాతరలో బాపు మనుమలను ఎత్తుకుని దిగిన ఫొటోలూ పోయాయి. వాటికి ఇంకో కాపీ లేదు. ఆ మరుసటేడే బాపు కాలం చేశారు.

తప్పు లినక్స్‌ది కాదు, నాదే. వాటాలు వేసే ముందు సామాను బయటికి చేర్చుకోలేదు. అందుకే చెబుతున్నాను. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తు పెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. మొదట కాపీ, తర్వాతే కత్తి!

బయటి హార్డ్‌డిస్కులోకి అన్నీ కాపీ చేయండి. చేసి ఊరుకోకండి. ఆ డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే కాపీ అయినట్టు.

జాగా లెక్క

కరీంనగర్‌లో బస్సెక్కి, గోదావరి దాటి మంచిర్యాల చేరాను. బాసర ట్రిపుల్ ఐటీలో చదివే అక్క కూతురు సెలవులకు వచ్చి ఉంది. ముగ్గురం కంప్యూటర్ ముందు కూర్చున్నాం.

అక్క మొదటి అనుమానం - "500 జీబీ డిస్కని కొన్నం. దీంట్ల 465 చూపెడుతంది. మిగిలిందంత ఎవరు మింగిన్రు?" ఎవరూ మింగలేదు. తయారు చేసేవాళ్లు వెయ్యికో మెట్టు చొప్పున లెక్కిస్తారు. విండోస్ 1024కో మెట్టు లెక్కన చూపిస్తుంది. అదే జాగా, కొలిచే మానిక వేరు.

ఆ 465లో సీ డ్రైవ్ 150, డీ డ్రైవ్ 200, ఈ డ్రైవ్ 115. సీలో ఖాళీ 20 జీబీ కూడా లేదు. వెతికితే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే 31 జీబీ! గిరాకీలు పంపిన ఫొటోలు, ఒక్కోటి మూడేసి సార్లు. రీసైకిల్ బిన్‌లో 9 జీబీ. చెత్త ఊడ్చి బుట్టలో వేశాం గానీ, బుట్ట బయట పారబోయలేదన్నమాట! డిస్క్ క్లీనప్‌తో తాత్కాలిక ఫైళ్లు కూడా తీసేశాం. ఈ డ్రైవ్ నిండా మా బావ సినిమాలు. ఆయన్ను బతిమాలి, చూసినవి తీసేయించి, చూడాల్సినవి బయటి డిస్కులోకి మార్పించాం.

ఇక్కడో మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. పాత పద్ధతిలో విభజించిన డిస్కుల్లో ప్రధాన వాటాలు నాలుగుకు మించి వేయడానికి వీల్లేదు. అక్కదాంట్లో విండోస్ తనకోసం దాచుకున్న చిన్న వాటా, సీ, డీ, ఈ కలిపి నాలుగూ అయిపోయాయి. ఇంకో గదికి జాగా ఉన్నా గుమ్మం పెట్టే వీల్లేదు. ఇలాంటప్పుడు విండోస్ 'డైనమిక్ డిస్కుగా మార్చనా' అని అడుగుతుంది. వద్దనండి. మారిస్తే లినక్స్ వేయడం చిక్కవుతుంది. మేము ఖాళీ అయిన ఈ డ్రైవ్‌ను పూర్తిగా తీసేసి, ఆ 115 జీబీని లినక్స్‌కు ఉంచాం.

అలా తీసేయదగ్గ డ్రైవ్ లేకపోతే విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, 'ష్రింక్ వాల్యూమ్' అనే సదుపాయంతో ఉన్న వాటాను కుదించవచ్చు. మింట్‌కు కనీసం 20 జీబీ కావాలి. 100 జీబీ ఇస్తే హాయిగా ఉంటుంది. సీ డ్రైవ్‌ను మాత్రం పీకల దాకా కుదించకండి. విండోస్‌కూ ఊపిరాడాలి కదా!

డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకు ఇంకా క్షేమమైన దారి ఉంది. లోపల రెండో డిస్కు పెట్టించి, లినక్స్‌ను దాంట్లో వేయడం. అప్పుడు ఒకరి జోలికి ఒకరు రారు.

పడుకుందా, కునుకు తీసిందా?

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే మనం షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా నిద్రపోదు. తాళాలు కొంగున ముడేసుకుని కునుకు తీస్తుంది. అప్పుడు లినక్స్ వెళ్లి డీ డ్రైవ్‌లో ఏదైనా రాయబోతే కుదరదు. బలవంతం చేస్తే ఫైళ్లు పాడవుతాయి. పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి దాన్ని ముందే ఆపేయాలి.

ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ తాళం ఉందేమో చూడండి. ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఈ మార్పుల తర్వాత విండోస్ ఆ కీ అడగవచ్చు. అప్పుడు లేదంటే మన సామాను మనకే దక్కదు.

కరెంటు సంగతి మరవకండి. రామగుండం పక్కనే ఉన్నా, పోదని హామీ ఎవరిస్తారు? వాటాలు వేస్తుండగా కరెంటు పోతే డిస్కు అటూ ఇటూ కాకుండా పోతుంది. యూపీఎస్ ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే నిండా చార్జింగ్ పెట్టి తీగ తగిలించే ఉంచాలి.

గృహప్రవేశం

8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి మింట్ ఎక్కించాం. అందులో అంతకుముందు ఉన్నవి చెరిగిపోతాయి, గమనించండి. దాంతో కంప్యూటర్ తెరిస్తే, డిస్కులో ఏమీ మార్చకుండానే లినక్స్ ఎలా ఉంటుందో వాడి చూడవచ్చు. ప్రింటర్ తీస్తోందా, వైఫై అందుతోందా, శబ్దం వస్తోందా అని అప్పుడే చూసుకోవాలి. ఇల్లు చూడకుండా అడ్వాన్సు ఇస్తామా మరి?

అన్నీ సరిపోయాకే ఇన్‌స్టాల్ నొక్కాం. ఈసారి ప్రతి తెరనూ కూతురి వరసైన పిల్లకు కాదు, అక్కకే బిగ్గరగా చదివి వినిపించాను. 'ఎరేజ్ డిస్క్' కనిపించగానే ఇద్దరం ఒక్కసారే "వద్దు!" అన్నాం. ఖాళీ చేసిన 115 జీబీ జాగాను మేమే చూపించాం. అరగంటలో పనైపోయింది. ఇప్పుడు కంప్యూటర్ వేయగానే ఏ వాటాలోకి వెళ్తావని అడుగుతుంది. బాణం గుర్తుతో ఎంచుకోవడమే.

డీ డ్రైవ్ రెండు కాపురాలకూ ఉమ్మడి వాకిలి. అక్క పగలంతా విండోస్‌లో కార్డులు కంపోజ్ చేసి, పీడీఎఫ్ తీసి డీలో పెడుతుంది. సాయంత్రం లినక్స్‌లోకి వచ్చి గిరాకీలకు ప్రూఫులు పంపుతుంది. ఒకేసారి రెంటిలో ఉండలేం, మారాలంటే ఆపి మళ్లీ తెరవాల్సిందే. మొదట్లో "మాటిమాటికి గీ మార్పుడేంది?" అని విసుక్కుంది. ఇప్పుడు పనినే రెండు పూటలుగా సర్దుకుంది.

ఐదున్నర గంటల తమాషా

మూడో రోజు పొద్దున్నే మళ్లీ ఫోన్. "చెల్లె, తొమ్మిదైతంది. దీంట్ల మూడున్నర చూపెడుతంది. కరాబైందా ఏంది?" కరాబు కాలేదు. లోపలి గడియారాన్ని విండోస్ మన ఇంటి సమయంగా చదువుతుంది. లినక్స్ గ్రీన్‌విచ్ ప్రమాణంలో పెడుతుంది. మనకూ దానికీ తేడా ఐదున్నర గంటలు! లినక్స్‌లో ఒక చిన్న మార్పుతో సరిపోయింది. కార్డు మీద ముహూర్తం తప్పు పడకుంటే చాలని నవ్వుకున్నాం.

తెలుగు రాతకూ ఈ రెండో వాటా మేలే చేసింది. అనులో కొట్టిన మ్యాటర్ ఫోన్‌లో అతికిస్తే పిచ్చి గీతలవుతుంది. లినక్స్‌లో లిబ్రే ఆఫీస్‌తో యూనికోడ్‌లో రాస్తే ఎక్కడికి పంపినా తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది. తెలుగే కాదు, ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల ఊరి పేరు మోసిన గుంజాల గోండి లిపికి కూడా 2018 జూన్‌లో యూనికోడ్‌లో చోటు దక్కింది. దానికి నోటో ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. రేపు ఎవరైనా గోండిలో పెళ్లి పత్రిక అడిగితే కాదనక్కర్లేదు!

అందరికీ ఇదే మందని అనను. ట్యాలీ లెక్కలు, వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం తాళాలు వాడేవాళ్లు అవి లినక్స్‌లో నడుస్తాయో లేదో ముందు కనుక్కోవాలి. లినక్స్ వద్దనుకున్నా దాని వాటాను ఉన్నపళంగా చెరిపేయకండి. ఏ వాటాలోకని అడిగే ద్వారపాలకుడు ఉండేది అక్కడే. ముందుగా విండోస్ సొంతంగా తెరుచుకునే ఏర్పాటు చేసుకుని, తర్వాతే తీయాలి.

మొన్న అక్క తన మొత్తం మ్యాటర్ రెండో డిస్కులోకి కూడా కాపీ చేసి, దాన్ని కరీంనగర్ పంపింది. "నీ దగ్గరుంచు చెల్లె. ఒక్క ఇంట్ల రెండు కాపీలుంటే ఏం లాభం?" అంది. ఆ డిస్కు ఇప్పుడు మా బీరువాలో, బాపు కళ్లజోడు పక్కన ఉంది.