దూలం కొస చూశారా?

జగ్గయ్యపేట, నందిగామ పాత వీధుల్లో బంగాళా పెంకుల ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలున్నాయి. వానాకాలంలో అటకెక్కితే ముక్కవాసన. వాసం మీద మరక కనబడగానే మేస్త్రిని పిలిచి, సరిగ్గా దాని పైనున్న పెంకులు మార్పిస్తాం. మళ్ళీ వానకు మరక అక్కడే ఉంటుంది.

పగిలిన పెంకులోంచి దిగిన నీరు వాసం వెంబడి వాలుకు జారి, ఏ ముడి దగ్గరో అతుకు దగ్గరో ఆగి చుక్కలుగా పడుతుంది. కాబట్టి సందు సాధారణంగా మరకకు ఎగువనే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం అటక తలుపు మూసి, లైటు ఆర్పి పైకి చూడండి. వెలుతురు చుక్కలు కనబడతాయి. మరక అంచున పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. తర్వాతి వానకు తడి గీత దాటిందంటే కారుడు ఇంకా ఆగలేదన్నమాట.

పది రోజులు ఎండ కాసినా కర్ర ఆరలేదంటే కప్పు ఒక్కదాన్నే అనుమానించొద్దు, గోడనూ చూడండి. గోడలో కూర్చున్న దూలం కొసకే నా లెక్కలో అసలు ప్రమాదం. కర్ర అడ్డకోత వైపు నుంచి నీటిని ఎక్కువగా పీలుస్తుంది. పాత మట్టిగోడ, సున్నపుగోడ తడిసినా ఆరేవి. సిమెంటు ఫ్యాక్టరీల ఊళ్ళు కదా మనవి, వాటికీ సిమెంటు పూత పూసేశాం! పగుళ్ళలోంచి దిగిన తడి బయటికి పోలేక దూలం కొసను పట్టుకుంటుంది.

సుత్తి పిడితో దూలం నడుమ నుంచి గోడవైపు కొడుతూ వెళ్ళండి. గట్టి కర్ర ఖంగుమంటుంది, కుళ్ళింది బొదబొదమంటుంది. స్క్రూడ్రైవర్ మొన గుచ్చి పైకి మీటండి. మంచి టేకు పొడవాటి పీచుగా లేస్తుంది, కుళ్ళిన చెక్క పుటుక్కున విరుగుతుంది. గోధుమరంగుకి తిరిగి, చిన్నచిన్న చదరాలుగా పగిలిందంటే బూజు లోపలికంటా దిగిందనే. రెండు సూదుల తేమ మీటరు దొరికితే ఇంకా మంచిది. తేమ 20 శాతం లోపుంటే కుళ్ళు సాధారణంగా మొదలవదు, 25 దాటితే ఊరుకోకూడదు.

మట్టి గొట్టాలు కనబడితే అవి చెదలు, తడి ఉన్నచోటే వాటికి బలం. సన్నటి గుండ్రటి రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి ఉంటే పుప్పి. అది పొడి కర్రకూ పడుతుంది, దాన్ని చూసి కప్పు విప్పించొద్దు.

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన కుండపోత లాంటిది వస్తే లావు దూలాలు ఆరడానికి నెలలు పడుతుంది. ఈలోగా రంగు వేస్తే తడి లోపలే ఉండిపోతుంది. కొస మెత్తబడిందని తేలితే మాత్రం ఆగొద్దు. ముందు దూలం కింద పోటు పెట్టించండి, వడ్రంగితో బేరం తర్వాత.